ట్రైనర్ ఇంజెక్షన్ అమ్మితే జిమ్ ఓనర్ మీద కూడా కేసు పెట్టాలా?

గడియారం సెంటర్ (నల్లగొండ):
మా తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. పొద్దున మేకల అభినవ్ స్టేడియంలో రన్నింగ్, సాయంత్రం జిమ్. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. వీడు ఆ టైమ్ అందుకోలేకపోతున్నాడు. "ఒక్క సూది వేసుకో, ఆయాసమే ఉండదు" అని ట్రైనర్ మెఫెంటెర్మిన్ సీసా చేతిలో పెట్టాడు. డాక్టర్ చీటీ లేదు, బిల్లు లేదు. ఓనర్‌ని అడిగితే "అది వాళ్లిద్దరి లెక్క, నాకేం సంబంధం" అన్నాడు. నన్నడిగితే ఇద్దరినీ లోపలెయ్యాలి.

పాలమూరు ఐరన్ (జిమ్ ఓనర్, మహబూబ్‌నగర్):
తప్పు చేసినోడినే పట్టుకోండన్నా. వచ్చిన ప్రతి ఒక్కరి బ్యాగు తడుముతూ కూర్చోవాలా నేను? లోపల వద్దంటే బయట బండి దగ్గర ఇస్తాడు. ట్రైనర్‌ని తీసేస్తే పక్క గల్లీ జిమ్‌లో చేరి నా మెంబర్లనీ పట్టుకుపోతాడు. కిరాయి, కరెంటు, మెషీన్ల ఈఎంఐలు ఎవరు కడతారు?

మందుల షాపు (మిర్యాలగూడ):
అది ఆపరేషన్ టైమ్‌లో, వెన్నుకు మత్తు ఇచ్చాక పడిపోయిన బీపీని లేపే మందు. అక్కడ మత్తు డాక్టర్ మానిటర్ చూస్తూ కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. జిమ్ బాత్‌రూమ్‌లో అందాజగా సిరంజి నింపుతారు, ఆ వెంటనే ట్రెడ్‌మిల్ ఎక్కుతారు. బీపీ, గుండె వేగం రెండూ పెరిగి ఉన్న మనిషి మళ్లీ పరుగు! ఒకే సూది ఇద్దరు వాడితే హెపటైటిస్ భయం వేరే. లైసెన్సు లేకుండా మందులు అమ్మితే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద కనీసం 3 ఏళ్ల జైలు. ఓనర్ గారూ, మా షాపులో కుర్రాడు చీటీ లేకుండా ఇస్తే "వాడి లెక్క" అని నేనంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వింటాడా?

ఆరు గంటల బ్యాచ్:
మా ఫ్రెండ్‌కు ట్రైనర్ రాత్రిపూట మెసేజ్‌లు పెడుతున్నాడని చెప్పినప్పుడూ మాకు ఇదే జవాబు. అడ్మిషన్ ఫారంలో రాసిన నంబరు అతని చేతికి ఎవరిచ్చారు సార్? షీ టీమ్స్‌కు చెప్పాకే ఆగాడు.

పాలమూరు ఐరన్:
అక్కా, ఫారాలు తాళంలో పెట్టనోడిది తప్పే, ఒప్పుకుంటా. సూది సంగతి వేరే.

గడియారం సెంటర్:
వేరే ఎట్లా అవుతది? పర్సనల్ ట్రైనింగ్ ఫీజులో మీకు వాటా ఉంటుంది కదా. ట్రైనర్ తెచ్చే పైసలు మీవి, ట్రైనర్ చేసే తప్పులు మాత్రం కావా?

జూనియర్ వకీలు (నాగర్‌కర్నూల్):
హాలు ఆయనదైనంత మాత్రాన కేసు నిలబడదు. తెలిసీ ఊరుకున్నాడనో, వాటా తిన్నాడనో చూపాలి. సీసా పారేయకండి, మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల టోల్‌ఫ్రీ 1800-599-6969కు ఫోన్ చేయండి. ముందు ఒక మాట చెప్పండి, సీసా డబ్బులు ఎవరి ఖాతాలో పడ్డాయి?

గడియారం సెంటర్:
ఇప్పుడే తమ్ముడి ఫోన్ చూశాను. కౌంటర్ మీదున్న స్కానర్‌కే కొట్టాడు. వచ్చిన పేరు ఓనర్‌ది.

పాలమూరు ఐరన్:
అయితే ఆయన్ని నేనూ వెనకేసుకురాను. కానీ టైటిల్‌లో 'ఆ ఓనర్' అని మార్చన్నా. మా అందరినీ కలిపి తిట్టకు.