ఎయిర్ రైఫిల్ స్టాక్‌కి ఏ ఎపాక్సీ వాడాలి? ఓహాయో తమ్ముడికి మనవాళ్ళ జవాబులు

పర్లాకిమిడి, ఈ ఏడాదే ఓహాయో:

అన్నలకి, అక్కలకి నమస్కారం. కాగితం టార్గెట్లు కొట్టుకోడానికి సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎయిర్ రైఫిల్ కొన్నాను. గొట్టం మడిచి లోడ్ చేసే స్ప్రింగ్ రకం, స్టాక్ (భుజానికి ఆన్చే భాగం) బీచ్ అనే చెట్టు కర్రది. స్కోప్ బిగించాక చెంప ఆనే చోటు బాగా కిందకి అయిపోయింది, మెడ ఎత్తి చూడాల్సి వస్తోంది. ముందు స్క్రూ దగ్గర సన్నటి పగులు కూడా ఉంది. ఇక్కడ హార్డ్‌వేర్ షాపులో చూస్తే గోడ నిండా ఎపాక్సీలే, ఏది తీసుకోవాలో తెలీలేదు. వచ్చే నెల నాన్న వస్తున్నారు. ఎమ్‌సీల్, ఆరల్డైట్ తెమ్మని చెప్పనా?

గుణుపురం, చాలా ఏళ్ళుగా మిన్నెసోటా:

తమ్ముడూ, నాన్నగారి పెట్టెలో అవేమీ పెట్టించకు. ఎపాక్సీ హార్డెనర్లు (గట్టిపడటానికి రెసిన్‌లో కలిపే రెండో భాగం) చాలావరకు తినివేసే రసాయనాల లెక్కలోకి వస్తాయి, విమానంలో రానివ్వరు. ఆ బరువుకి ఆవకాయ తెప్పించుకో.

నువ్వు అన్నిటికీ ఒకటే డబ్బా వెతుకుతున్నావు. నీ దగ్గరున్నవి మూడు పనులు, మూడింటికీ సరుకు వేరు. దెబ్బ పడే చోటికి ఒకటి, ఆకారం కోసం నింపే చోటికి ఇంకొకటి. ఇది తేలిపోతే బ్రాండు పెద్ద విషయం కాదు.

ముందు పగులు సంగతి. దీనికి ఏ పొడీ కలపని పలచటి ఎపాక్సీ కావాలి, అదీ నిదానంగా గట్టిపడేది. ఐదు నిమిషాల రకం పగులు లోపలికి దిగేలోపే బిగుసుకుంటుంది, పైగా వేడికీ తేమకీ తొందరగా లొంగుతుంది. మన నౌపడా-గుణుపురం పాతకాలం చిన్న రైలులా ఎప్పటికో చేరేదే ఇక్కడ మంచిది. స్ప్రింగ్ తుపాకీ కాబట్టి స్టాక్ లోపలి కర్ర నూనె పీల్చి ఉంటుంది. ఎసిటోన్‌లో తడిపిన గుడ్డతో, గుడ్డకి పసుపు మరక అంటడం మానేదాకా తుడువు. ఆరాక హెయిర్ డ్రయర్‌తో కర్రని గోరువెచ్చగా చెయ్యి. డ్రయర్ ఆపి, వెంటనే పగులు మీద ఎపాక్సీ వెయ్యి. కర్ర చల్లారుతుంటే లోపలి గాలి ముడుచుకుని రెసిన్‌ని లోపలికి లాక్కుంటుంది. పైన నువ్వు వేసిన గీత సన్నబడటం కంటికే కనిపిస్తుంది, మళ్ళీ కాస్త వెయ్యి. ఇక తాగడం లేదనిపించాక మైనం కాగితం చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టి, మర్నాటి దాకా ముట్టుకోకు.

రెండోది స్క్రూ తల కూర్చునే చోటు. స్ప్రింగ్ తుపాకీ ఒకసారి వెనక్కీ, వెంటనే ముందుకీ తన్నుతుంది. ఆ రెండు కుదుపులకీ స్క్రూ కింద కర్ర నలిగి, ఎంత బిగించినా వదులవుతుంది. నీ పగులు కూడా దీనివల్లే వచ్చి ఉంటుంది. ఇక్కడ గట్టి సరుకు కావాలి. ఉక్కు పొడి కలిసిన జె-బి వెల్డ్ అసలు రకం చాలు, ‘క్విక్’ అని రాసింది కాదు. వెస్ట్ సిస్టమ్ కంపెనీ ఎపాక్సీ వాడితే వాళ్ళదే 404 నంబరు పొడి కలుపు. స్క్రూ మరలకి రంగులేని కివీ పాలిష్ రెండు పూతలు పట్టించాకే దించు. అది మర్చిపోతే స్క్రూ, స్టాక్ ఒకటైపోతాయి. తర్వాత సాల్డరింగ్ ఐరన్‌తో స్క్రూని కాల్చి తియ్యడం తప్ప దారి ఉండదు.

మూడోది చెంప ఎత్తు. అందరూ పుట్టీ కుప్ప పోస్తారు. నాకది నచ్చదు. ఎపాక్సీ పుట్టీ బరువు, వెనక బరువెక్కితే తుపాకీ తూకం పోతుంది. ఒక బీచ్ ముక్కని చిత్రిక పట్టి, మామూలు ఎపాక్సీకి ఆ కంపెనీదే 403 గానీ 406 గానీ పొడి కలిపి అతికించు. అంచుల దగ్గర మిగిలిన ఖాళీలకే లప్పం. దానికి 407 పొడి తేలిక, ఉప్పుకాగితానికి వెన్నలా లొంగుతుంది. 410 ఇంకా తేలికే గానీ వేడికి మెత్తబడుతుంది. నల్ల రంగు వేసి ఎండలో కారు డిక్కీలో పెట్టేవాడివైతే దాని జోలికి పోకు. బాండో అంటారే, కార్ల సొట్టలకి పూసే పాలియెస్టర్ లప్పం, అది రంగు కింద పైపైన సర్దడానికి పనికొస్తుంది. అతుకు బలం దానిలో లేదు, నూనె కర్రని అసలే పట్టుకోదు.

కొలత విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తాను. వెస్ట్ 105 రెసిన్‌కి 205 హార్డెనర్ అయితే 5 పాళ్ళ రెసిన్‌కి 1 పాలు. తుపాకీ స్టాక్‌లకి వాడే యాక్రాగ్లాస్ ఎపాక్సీ నీళ్ళ రకం 4కి 1, దాని జెల్ 1కి 1. చలిగా ఉందని హార్డెనర్ నాలుగు చుక్కలు ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందని చాలామంది అనుకుంటారు. పాలియెస్టర్‌లో కొంతవరకు అది చెల్లుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ కూడా గట్టిపడే పదార్థంలో భాగమే. ఎక్కువైనది ఎక్కడికీ పోదు, జిగురుగా లోపలే ఉండిపోతుంది. ఓహాయో చలికాలం గ్యారేజీలో పని పెట్టుకోకు, ఇంట్లోకి తెచ్చుకో. సీసాలో రెసిన్ పంచదార పాకంలా గడ్డకడితే పారెయ్యకు, వేణ్ణీళ్ళలో పెడితే మళ్ళీ తేటపడుతుంది.

నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు. చేతికంటితే థిన్నర్‌తో కడక్కు, సబ్బు చాలు. ఉప్పుకాగితం పట్టేటప్పుడు మాస్కు ఉండాలి. ఆరిన ఎపాక్సీ పైన మైనంలా ఒక పొర తేలుతుంది, దాన్ని నీళ్ళతో, గిన్నెలు తోమే పీచుతో కడిగాకే ఉప్పుకాగితం పట్టు. చివర్న రంగో వార్నిషో వెయ్యి, ఎండకి ఎపాక్సీ పాడవుతుంది.

రాయగడ, ఇప్పుడు టెక్సాస్:

అన్నయ్య పని చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తాను తమ్ముడూ. ఎయిర్ రైఫిల్ ఫెడరల్ చట్టం లెక్కలో ఫైర్‌ఆర్మ్ కాదు. కానీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, న్యూజెర్సీలో అది కూడా ఫైర్‌ఆర్మే. ఇల్లు మారేటప్పుడు గుర్తుంచుకో. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు (గొట్టం లోపలి వెడల్పు) 0.177 అంగుళాలు, శక్తి 20 జౌళ్ళ లోపు ఉన్న ఎయిర్ రైఫిళ్ళకి లైసెన్స్ అక్కర్లేదు కదా, ఇక్కడా అంతే అనుకోకు.

అసలు టెన్షన్ తర్వాత వస్తుంది. ఎయిర్ రైఫిల్ అయ్యాక అందరికీ పాయింట్ 22 (తూటా పేల్చే అసలు తుపాకీ) మీద మనసు పోతుంది. నువ్వు హెచ్-1బి (ఉద్యోగం) లేదా ఎఫ్-1 (చదువు) వీసా మీదుంటే, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు చెల్లుబాటులో లేకుండా దాన్ని దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఫ్రెండ్ తన తుపాకీ స్టాక్ కూడా బాగుచెయ్యమని ఇస్తే, చెక్క ఒక్కటే విప్పి ఇమ్మను. మిగతాది వాళ్ళింట్లోనే ఉండనీ.

పర్లాకిమిడి నుంచే:

నాయనా, మీ నాన్నగారు నాకు బాగా ఎరుక. కర్రకి కర్రే అతికించమన్న మాట బాగుంది. పాతకాలం వేట తుపాకుల ముందు కొసకి గేదె కొమ్ము వేసేవాళ్ళు, మన ఊరి కొమ్ము పని చూసి నీకూ ఆ ఆశ పుడుతుందేమో. చిన్న కొసకైతే సరే. చెంప దగ్గర పెద్ద పలకలా వెయ్యకు. కొమ్ము వానాకాలం ఉబ్బుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. అక్కడ చలికాలం హీటర్ గాలికి అంచులు లేచిపోతాయి. టేకు అతికించినా ఇలాంటి జాగ్రత్తే కావాలి. టేకులో నూనె ఉంటుంది, ఎసిటోన్‌తో తుడిచి అది ఆరిన వెంటనే అతికించాలి. మర్నాటికి నూనె మళ్ళీ పైకి వస్తుంది. కొమ్ము సామాను ఏది పట్టుకెళ్ళినా అక్కడి కస్టమ్స్‌కి చెప్పాలని నాన్నగారితో అను.

పర్లాకిమిడి, ఈ ఏడాదే ఓహాయో:

చాలా థాంక్స్ అన్నయ్యా, అక్కా, పెద్దాయన గారూ. గ్రీన్ కార్డ్ మీదే వచ్చాను అక్కా, అయినా ముందు ఓహాయో రూల్స్ చదువుతాను. ఒక్క డౌట్. క్లబ్బులో ఒకాయన ప్లాస్టిక్ స్టాక్ ఇస్తానంటున్నారు. దాని మీద కూడా ఇలాగే చెయ్యొచ్చా?

గుణుపురం, చాలా ఏళ్ళుగా మిన్నెసోటా:

ఏ ప్లాస్టిక్ అన్నదాన్ని బట్టి. గాజుపీచు కలిసిన నైలాన్ అయితే గరుకు చేసి, చిన్న చిన్న రంధ్రాలు వేస్తే ఎపాక్సీ వాటిలోకి దిగి పట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ అయితే ఇలా గరుకు చేసినా ఒలిచినట్టు ఊడొస్తుంది. డొల్లగా ఉందని లోపల పొంగే ఫోమ్ కొట్టకు, అది ఉబ్బి గోడల్ని బయటికి తోస్తుంది. స్టాక్ వెనక కొసనుండే మడమ రబ్బరు విప్పి, లోపలి వైపు గరుకు చేసి ఒక బొట్టు వెయ్యి. మర్నాడు చాకు మొనతో లేపి చూడు. శుభ్రంగా ఊడొస్తే ఎపాక్సీ మాట మర్చిపోయి, పట్టీతో కట్టుకునే చీక్ రైజర్ (చెంప ఎత్తు పెంచే మెత్త) కొనుక్కో.