అప్‌డేట్: కడపలో అమెరికా కుట్టు మిషన్ నడుస్తోంది

అక్క డల్లాస్ నుంచి తెచ్చిన 120 వోల్టుల కుట్టు మిషన్‌ను మన 230 వోల్టుల కరెంటుకు ఎలా కలపాలని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు ధన్యవాదాలు.

మిషన్ అడుగున ఉన్న చీటీలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (అంటే కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది), 0.7 ఆంపియర్లు అని ఉంది. అంటే దాదాపు 84 వాట్లు. మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఏడు రోడ్ల కూడలి దగ్గరి దుకాణంలో వోల్టేజీ తగ్గించే 300 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకున్నాను. లోపలి రెండు తీగ చుట్లూ ఒకదానికొకటి తగలకుండా వేరువేరుగా ఉన్నదే కావాలని పట్టుబట్టాను, షాక్ భయం తక్కువని. బరువు, ధర ఎక్కువే, కానీ అమ్మ చేతులు రోజంతా ఆ ఇనుప మిషన్ మీదే ఉంటాయి.

మిషన్ పెట్టకముందే ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే వోల్టేజీని మల్టీమీటరుతో చూస్తే 114 వోల్టులు వచ్చింది. అమ్మ జాకెట్టు చేతులు కుట్టి చూసింది, కుట్టు సమంగా పడింది. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ వేశాక మాత్రం వేగం తగ్గుతోంది. ఇంటి వోల్టేజీ పడిపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేదీ అదే నిష్పత్తిలో పడిపోతుంది. అందుకే దాని ముందు స్టెబిలైజర్ పెట్టబోతున్నాను.

అమెరికా లాప్‌టాప్ ఛార్జరు మీద 100–240 వోల్టులు అని ఉంది, దానికి పిన్ను మార్చే అడాప్టరు చాలు. కరెంటు హెర్ట్జ్‌ను బట్టి నడిచే పాత అమెరికా అలారం గడియారాన్ని మాత్రం వాడటం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్‌ను 60 చేయదు, గడియారం గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది.