ఇద్దరూ నచ్చలేదు, ఓటేమో మిషిగన్‌లో ఉంది. ఎలా తేల్చుకోవాలి?

నోవై వాసి (అక్టోబరు 2024)

అందరికీ నమస్కారం. నాకు సిటిజన్‌షిప్ వచ్చాక ఇవే మొదటి అమెరికా అధ్యక్ష ఎన్నికలు. ఈ ఓటు కోసం గ్రీన్ కార్డు లైన్లో ఎంత ఎదురుచూశామో ఇక్కడున్న చాలామందికి తెలుసు. తీరా చేతికొచ్చాక ట్రంప్, హారిస్ ఇద్దరిలో ఎవరికీ వేయబుద్ధి కావడం లేదు.

2020 ఫలితాన్ని ట్రంప్ ఒప్పుకోకపోవడం, 2021 జనవరి 6న క్యాపిటల్ మీద జరిగిన దాడి నా వల్ల మర్చిపోవడం కాదు. ఇటు చూస్తే, గాజాలో అంతమంది చనిపోతున్నా ఇజ్రాయెల్‌కి ఆయుధాలు పంపడం ఆపని ప్రభుత్వంలో హారిస్ ఉపాధ్యక్షురాలు. పైగా జులై 21న బైడెన్ తప్పుకున్నాక, తన పేరు మీద ప్రైమరీ (అభ్యర్థిని ఎంచుకునే పార్టీ ఎన్నిక) ఏదీ జరగకుండానే అభ్యర్థి అయ్యారు. మా ఆఫీసులో డియర్‌బోర్న్ నుంచి వచ్చే మిత్రుడున్నాడు. అతని బంధువులు గాజాలో ఉన్నారు. రోజూ అతని ముఖం చూసి ఆవిడకి ఓటేశానని ఎలా చెప్పను?

బ్యాలెట్‌లో పైనున్న అధ్యక్షుడి గడి ఖాళీగా వదిలేసి కిందివన్నీ నింపమని మా ఆవిడ అంటోంది. ఇంకో స్నేహితుడు గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్‌కి వెయ్యమంటున్నాడు. ఇద్దరిలో ఎవరు మంచివాళ్లో మాత్రం దయచేసి చెప్పొద్దు, ఆ గొడవ వాట్సాప్ గ్రూపుల్లో సరిపడా ఉంది. ఇద్దరూ నచ్చనప్పుడు ఎలా ఆలోచించాలో చెప్పండి.

లెక్కల మాస్టారు

ముందు మీరు ఎక్కడున్నారో చూసుకోండి. కాలిఫోర్నియాలో ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు, అక్కడ ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. 2016లో మీ మిషిగన్‌లో ట్రంప్ గెలిచింది 10,704 ఓట్లతో. అక్కడ ఆ రోజు స్టైన్‌కి 51 వేల పైచిలుకు, లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కి 1.72 లక్షలు పడ్డాయి. బ్యాలెట్ వేసి కూడా అధ్యక్షుడి గడి ఖాళీగా వదిలేసినవాళ్లు సుమారు 75 వేల మంది. అంటే గెలుపు తేడాకి ఏడు రెట్లు. 2000లో ఫ్లోరిడా ఇంకా ఘోరం: బుష్, గోర్‌ల మధ్య తేడా 537 ఓట్లు, గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కి పడినవి 97 వేలకు పైగా.

నేడర్ లేకపోతే ఆ ఓట్లన్నీ గోర్‌కే పడేవని నేను అనను. కొందరు బుష్‌కి వేసేవారు, కొందరు ఇంట్లోనే కూర్చునేవారు. కానీ అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాల వారీ ఎలక్టోరల్ ఓట్లు, మీ రాష్ట్రంలో ఆ 15 ఓట్లూ గెలిచినవాళ్లకే మొత్తంగా పోతాయి. మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్నిచోట్లా ఇదే పద్ధతి. ఖాళీ గడి వల్ల ఆ పదిహేనులో ఒక్కటి కూడా తగ్గదు.

విలువల ఓటు

మాస్టారూ, ఈ లెక్క నాలుగేళ్లకోసారి వింటూనే ఉన్నాం. "ఈసారికి మాత్రం వేసేయండి, తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. నా ఓటు ఎలాగూ తమదేనని ఒక పార్టీకి తెలిసిపోయాక నా మాట వినాల్సిన అవసరం వాళ్లకేముంటుంది?

మీ రాష్ట్రంలోనే మొన్న ఫిబ్రవరి డెమొక్రాటిక్ ప్రైమరీలో లక్షమందికి పైగా "అన్‌కమిటెడ్" (ఏ అభ్యర్థికీ కాదు) అని వేశారు. దేశమంతా వార్త అయింది, అభ్యర్థులు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. 1992లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకి 18.9 శాతం ఓట్లు వచ్చాయి. ఒక్క ఎలక్టోరల్ ఓటూ రాలేదు, అయినా బడ్జెట్ లోటు గురించి రెండు పార్టీలూ మాట్లాడక తప్పలేదు. దేశవ్యాప్తంగా 5 శాతం దాటితే ఆ పార్టీకి తర్వాతి ఎన్నికల్లో ప్రభుత్వ నిధులు కూడా వస్తాయి. నోవై వాసి గారూ, మీ మిత్రుడి ముఖం చూడలేకపోవడాన్ని బలహీనత అనుకోకండి. అదే మీ మనస్సాక్షి.

క్యూలో ఉన్నవాడు

నాకు ఓటు లేదు. హెచ్‌1బి మీద ఉన్నాను, గ్రీన్ కార్డు ఇంకా దూరంలోనే ఉంది. ఓటున్నవాళ్లు దాన్ని ఖాళీగా వదిలేస్తామంటే కడుపు తరుక్కుపోతుంది, అందుకే రాస్తున్నాను.

మనస్సాక్షి గురించి మాట్లాడుతున్నారు, మంచిదే. 2020 జూన్‌లో హెచ్‌1బి వాళ్లు దేశంలోకి రాకుండా ట్రంప్ ఉత్తర్వు వచ్చినప్పుడు వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లి అక్కడే చిక్కుకుపోయిన కుటుంబాలు నాకు తెలుసు. పిల్లలు ఇక్కడ, తల్లి అక్కడ. హెచ్‌4 ఈఏడీ, అంటే మా భార్యాభర్తలకి పనిచేసే అనుమతి, ఒబామా హయాంలో 2015లో వచ్చింది. దాన్ని తీసేస్తామని ట్రంప్ ప్రభుత్వం అంటూ వచ్చింది, చివరికి తీయలేదు. కానీ ఆ నాలుగేళ్లూ నా భార్య ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న టెన్షన్‌తోనే గడిచాయి.

అలాగని ఇది ఒకవైపు మాటా కాదు. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి బైడెన్ వచ్చాక కూడా కదల్లేదు. అది కాంగ్రెస్ మార్చాల్సిన చట్టం. 2019లో సెనేటర్‌గా హారిస్ ఆ పరిమితి ఎత్తేసే బిల్లుకి రిపబ్లికన్ మైక్ లీతో కలిసి మద్దతిచ్చారు. ఇక్కడ చదువుకున్నవాళ్లకి డిగ్రీతో పాటే గ్రీన్ కార్డు ఇవ్వాలని ఈ జూన్‌లో ట్రంప్ కూడా అన్నారు. ఎవరి మాట ఎంతవరకూ నమ్మాలో మీరే తేల్చుకోండి. తేల్చుకోకుండా వదిలేయకండి అన్నదే నా విన్నపం.

ఫ్రిస్కో అక్క

నేను టెక్సస్‌లో ఉంటాను. 2016లో మూడో పార్టీకే వేశాను, దానికి నాకేమీ బాధ లేదు. ఇక్కడ ట్రంప్ గెలిచింది 8 లక్షలకు పైగా ఓట్లతో. తమ్ముడూ, మీ పరిస్థితి అది కాదు. నిజంగా మూడో పార్టీకి బలం చేకూరాలని ఉంటే, పోటీ లేని రాష్ట్రంలో ఉన్న స్నేహితుడితో మాట్లాడుకుని మీకు కావాల్సిన ఓటు అతనితో అక్కడ వేయించండి, అతనికి కావాల్సినది మీరు మిషిగన్‌లో వేయండి. 2000లో నేడర్ మద్దతుదారులు ఇంటర్నెట్‌లో ఇలాగే చేసుకున్నారు. డబ్బు ప్రమేయం లేకుండా చేసుకునే ఇలాంటి ఒప్పందం వాక్ స్వాతంత్ర్యం కిందికే వస్తుందని తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు 2007లో చెప్పింది. అయితే అవతలివాళ్లు మాట నిలబెట్టుకుంటారన్న నమ్మకమే దీనికి ఆధారం.

బ్యాలెట్ మీద లేని పేరు చేత్తో రాసి వేసే ఆలోచన ఉంటే మానుకోండి. చాలా రాష్ట్రాల్లో ముందుగా నమోదు చేసుకున్నవాళ్ల పేర్లే లెక్కిస్తారు. ఓక్లహోమాలో అయితే రాయడానికి చోటే ఉండదు.

విజయవాడ బ్యాచ్

మన నోటా లాంటిది అక్కడ లేదా? ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా అన్నా.

లెక్కల మాస్టారు

నెవాడాలో ఉంది తమ్ముడూ, 1976 నుంచి. "వీరిలో ఎవరూ కాదు" అని బ్యాలెట్ మీదే ఉంటుంది. దానికి ఎక్కువ ఓట్లు వచ్చినా తర్వాత ఉన్న మనిషే గెలిచినట్టు. మన నోటా పరిస్థితీ అదే. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది, ఈ ఏడాది ఇందోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి తప్పుకున్నాక 2,18,674 ఓట్లు నోటాకి పడ్డాయి. అదే రికార్డు. అక్కడ బీజేపీ అభ్యర్థి 11.75 లక్షల మెజారిటీతో పార్లమెంటుకి వెళ్లారు. అయినా నోటాలో ఎంతమందికి నచ్చలేదో ఒక అంకె మిగులుతుంది. మిషిగన్‌లో ఖాళీ గడికి ఆ విలువ కూడా లేదు. కోపంతో వదిలేశారో, మర్చిపోయారో ఎవరికీ తెలియదు.

రిటైర్డ్ లైబ్రేరియన్

నేను అట్లాంటా దగ్గర ఉంటాను. 2020లో మా జార్జియా తేలింది 11,779 ఓట్లతో. అప్పట్నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను బాబూ.

ఓటంటే మెచ్చి ఇచ్చే యోగ్యతాపత్రం అనుకుంటున్నారు, మీ బాధంతా అక్కడే ఉంది. మీరు ఎవరికీ వేయకపోయినా జనవరి 20న ఆ ఇద్దరిలో ఒకరు ప్రమాణం చేస్తారు. నాలుగు వేల మందిని పదవుల్లో కూర్చోబెడతారు. సుప్రీంకోర్టులో ఖాళీ వస్తే జడ్జిని ఎంపిక చేస్తారు, ఆ జడ్జి జీవితాంతం ఉంటారు. ట్రంప్‌కి ఒక్క టర్మ్‌లో ముగ్గురిని నియమించే అవకాశం వచ్చింది, బైడెన్‌కి ఒక్కరినే. మీ ఓటు ఆ మనిషి గుణానికి కాదు, ఈ పనులు ఎవరి చేతిలో ఉండాలన్న దానికి.

2002లో ఫ్రాన్స్‌లో ఏం జరిగిందో చూడండి. మొదటి రౌండ్‌లో వామపక్ష ఓటు చీలిపోయి సోషలిస్టు అభ్యర్థి జోస్పాన్ బయటికి పోయారు. అప్పటి అధ్యక్షుడు షిరాక్, తీవ్ర మితవాది లె పెన్ మిగిలారు. షిరాక్ మీద పారిస్ మేయర్‌గా ఉన్ననాటి అవినీతి ఆరోపణలున్నాయి, మొదటి రౌండ్‌లో ఆయనకి 20 శాతం కూడా రాలేదు. రెండు వారాల తర్వాత 82 శాతం వచ్చింది. ఆయన్ని జీవితమంతా తిట్టినవాళ్లు వెళ్లి ఆయనకే వేశారు. ఆ మర్నాటి నుంచి మళ్లీ తిట్టారు. వేసినందుకు వాళ్ల నోరు మూతపడలేదు. మీ నోరూ మూతపడదు. మీ మిత్రుడికి కూడా ఆ మాటే చెప్పవచ్చు: ఓటేశాను, నవంబరు 6 నుంచి ఆ ప్రభుత్వం మీద నీతో పాటు నేనూ రోడ్డు మీద ఉంటాను అని.

ఇద్దరూ నచ్చనప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే. రేపు నాకు వ్యతిరేకంగా పనిచేస్తే ఎవరిని నేను ఎదిరించగలను, కోర్టుకీడ్చగలను, నాలుగేళ్లకి దింపగలను? నాకు దొరికిన జవాబు నాకుంది, మీకు ఇంకోటి దొరకవచ్చు. పెరో పార్టీ గురించి ఒక్క మాట: 1996లో వచ్చిన 8.4 శాతంతో ఆ పార్టీకి 2000లో కోటీ 26 లక్షల డాలర్లు వచ్చాయి. ప్యాట్ బుకానన్ ఆ డబ్బుతో పోటీ చేసి అర శాతం కూడా తెచ్చుకోలేదు. పార్టీ అక్కడితో కుప్పకూలింది. మూడో పార్టీని నాలుగేళ్లకోసారి పై గడిలో కట్టలేం, సిటీ కౌన్సిల్ నుంచి కట్టుకురావాలి.

చిన్న వ్యాపారి

అమ్మా, మీ ప్రశ్న బాగుంది. కానీ చాలామంది అది అడిగి, జవాబు హారిస్ అని ముందే అనుకుంటారు. నేను గ్యాస్ స్టేషన్ నడుపుతాను. ట్రంప్ మాట తీరు నాకు సుతరామూ నచ్చదు, మా పిల్లల ముందు ఆయన ప్రసంగాలు పెట్టను. అయినా మీరు చెప్పిన పద్ధతిలోనే ఆలోచించి ఆయనకే వేస్తున్నాను. 2017 పన్ను చట్టంలో నాలాంటివాళ్లకి వచ్చిన తగ్గింపులకి ఆ చట్టం పెట్టిన గడువు 2025 చివరి దాకానే. ధరలు పెరిగినప్పుడు కస్టమర్ తిట్టేది నన్నే. ఆయన్ని సెనేట్, కోర్టులు, పత్రికలు నాలుగేళ్లూ అడ్డుకున్నాయి, రేపూ అడ్డుకుంటాయని నా నమ్మకం.

రిటైర్డ్ లైబ్రేరియన్

ఆ నమ్మకం దగ్గరే మనం విడిపోతాం నాయనా. జనవరి 6న అడ్డుకున్నవాళ్లలో ఆయన సొంత ఉపాధ్యక్షుడు పెన్స్ ఒకరు. ఈసారి టికెట్ మీద పెన్స్ లేరు. కానీ మీరు లెక్క వేసుకుని, దేన్ని ఇష్టపడటం లేదో ఒప్పుకుని వేస్తున్నారు. అభిమానంతో ఊగిపోతూ వేసేవాళ్ల కంటే మీతో మాట్లాడటం నాకు హాయిగా ఉంది.

ఫ్రిస్కో అక్క

ఇంకొకటి కూడా ఈ మధ్య ఎక్కువగా వింటున్నాను. ట్రంప్ జతగా ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు కాబట్టి ఇటు వెయ్యాలట, హారిస్ తాతగారిది తమిళనాడు తులసేంద్రపురం కాబట్టి అటు వెయ్యాలట. ఊరి పేరు చూసి వేసే ఓటు కంటే ఖాళీ గడే నయం.

విలువల ఓటు

లైబ్రేరియన్ గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోలేదు. ఇద్దరిలో ఎవరొచ్చినా గాజాకి బాంబులు ఆగవని నాకనిపిస్తోంది. ఆ ఒక్క విషయంలో తేడా లేనప్పుడు, తేడా ఉన్నట్టు ఓటెలా వేయను? సిటీ కౌన్సిల్ నుంచి కట్టుకురావాలన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. మా దగ్గర ఆ పని మేం చేయలేదు.

నోవై వాసి

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. క్యూలో ఉన్న తమ్ముడు రాసింది వినగానే ఆవిడ ఖాళీ మాట వెనక్కి తీసుకుంది. నేను కూడా ఇద్దరిలో ఒకరికి వేస్తాను. ఎవరికన్నది ఇక్కడ రాయను. డియర్‌బోర్న్ మిత్రుడికి మాత్రం వేసే ముందే చెప్తాను, వినకపోతే వినకపోవచ్చు. ముందస్తు ఓటింగ్ 26 నుంచి మొదలవుతోంది, ఆ వారాంతంలోనే వెళ్తాం.

లెక్కల మాస్టారు

వెళ్లే ముందు ఒకటి గుర్తుంచుకోండి, ఖాళీగా వదలాలనుకునే మిగతావాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. మిషిగన్ బ్యాలెట్ మీద పైనే "స్ట్రెయిట్ పార్టీ" గడి ఉంటుంది, ఒకే గుర్తుతో ఒక పార్టీ అభ్యర్థులందరికీ వేయడానికి. అది నింపి అధ్యక్షుడి గడి ఖాళీగా వదిలితే ఆ పార్టీ అధ్యక్ష అభ్యర్థికే ఓటు పడుతుంది. అక్కడ విడిగా వేరే పేరు నింపితేనే మారుతుంది. స్వతంత్ర అభ్యర్థి రాబర్ట్ కెన్నెడీ జూనియర్ ఆగస్టులోనే పోటీ ఆపి ట్రంప్‌కి మద్దతిచ్చినా, రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వల్ల ఆయన పేరు మీ బ్యాలెట్ మీద అలాగే ఉంది, చూసుకోండి. రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీలు, స్కూల్ బోర్డు అభ్యర్థులు పార్టీ గుర్తు లేని భాగంలో ఉంటారు. స్ట్రెయిట్ పార్టీ నింపినా అవి వాటంతట అవి పడవు, విడిగా నింపాలి. కాగితం రెండో వైపు కూడా తిప్పి చూడండి.