గాలిమరల సర్వీస్ నౌకకి మిథనాలా, బ్యాటరీయా?

చుక్కాని: సముద్రంలో గాలిమరల దగ్గరే రెండు వారాలు ఉండే సర్వీస్ నౌక. ఉద్గారాలు తగ్గాలంటే మిథనాల్, డీజిల్ రెండింటితోనూ నడిచే డ్యూయల్ ఫ్యూయల్ ఇంజిన్ పెట్టాలా, పెద్ద బ్యాటరీ పెట్టాలా? నేను మిథనాల్ అంటాను.

ఇంజిన్‌గది: నేను 20 మెగావాట్ అవర్ల బ్యాటరీ అంటాను. మిథనాల్‌కైతే ముందు ట్యాంకు లెక్క చూడండి. రోజుకి 6 టన్నుల డీజిల్ అనుకుంటే 14 రోజులకి 84 టన్నులు, దాదాపు 100 ఘనపు మీటర్లు. కిలో డీజిల్‌లో 42.7 మెగాజౌళ్లుంటే మిథనాల్‌లో 19.9. అదే పనికి 180 టన్నులు, 228 ఘనపు మీటర్లు కావాలి. ట్యాంకు చుట్టూ కాఫర్‌డ్యామ్ (రక్షణగా వదిలే ఖాళీ అర), మంట అంటకుండా లోపల పైభాగంలో నైట్రోజన్, ఇంజిన్ గదిలో రెండు గోడల పైపులు అదనం. ఈ చోటంతా స్టోర్ రూమ్ నుంచే పోతుంది.

చుక్కాని: చుట్టూ అక్కర్లేదు. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఐఎంఓ 2020 మార్గదర్శకాలు చదవండి. అతి తక్కువ నీటిమట్టానికి కింద ఉన్న హల్ ప్లేటు (నౌక బయటి గోడ) వైపు కాఫర్‌డ్యామ్ మినహాయింపే.

అలజడి: మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్లు, ఆల్కహాల్‌కి తట్టుకునే ఫోమ్ కూడా లెక్కలో వేయండి.

ఇంజిన్‌గది: ట్యాంకు పైకప్పుకీ, ఇంజిన్ గది గోడకీ మినహాయింపు లేదుగా! అసలు వృథా డీపీ-2లో ఉంది, అంటే లంగరు లేకుండా కంప్యూటర్, థ్రస్టర్లతో నౌకని ఒకే చోట నిలిపే పద్ధతిలో. గ్యాంగ్‌వే వంతెనని గాలిమర టవర్‌కి ఆనించి మనుషులు దాటుతుండగా ఒక స్విచ్‌బోర్డు పోయినా నౌక కదలకూడదు. అందుకని రెండు జనరేటర్లు తలా 20–30 శాతం లోడ్‌తో తిరుగుతుంటాయి. ఆ లోడ్‌లో యూనిట్‌కి ఇంధనం ఎక్కువ, టర్బోలో మసి. బ్యాటరీని రిజర్వ్‌గా క్లాస్ (నౌకల భద్రతని ధ్రువీకరించే సంస్థ) ఒప్పుకుంటే ఒకటి ఆపేసి రెండోదాన్ని సరైన లోడ్‌లో నడపొచ్చు.

చుక్కాని: దానికి 1–2 మెగావాట్ అవర్లు చాలు, నాకూ అభ్యంతరం లేదు. మీరు అడిగేది 20. సగటు లోడ్ 1 మెగావాట్, వాడుకోగలిగింది 80 శాతం అంటే 16 గంటలు. గాలిమరల దగ్గర ఛార్జింగ్ లేకపోతే ఆ తర్వాత డీజిలే కదా!

ఇంజిన్‌గది: మీ మిథనాల్ ఎక్కడిది? సహజవాయువు నుంచి తీసినదైతే తయారీ నుంచి కాల్చేదాకా కలిపి డీజిల్‌ని మించిపోతుంది. ఆ మాట మాత్రం ఎత్తరు. కాఫర్‌డ్యామ్ మీద పాఠాలు చెబుతారు!

చుక్కాని: పాఠాలు కావు, డబ్బు! టైమ్ చార్టర్‌లో, అంటే నౌకని కొంతకాలానికి అద్దెకిచ్చే ఒప్పందంలో, ఇంధనం బిల్లు అద్దెకి తీసుకున్న చార్టరర్‌ది. బ్యాటరీకి అప్పు ఓనర్ చేయాలి, ఆదా చార్టరర్‌కి పోతుంది. మూడేళ్లకి ఒప్పందం ముగిశాక ఛార్జింగ్ లేని చోటికి ఆ నౌకని ఎవరు తీసుకుంటారు? డ్యూయల్ ఫ్యూయల్ ఇంజిన్ అయితే డీజిల్‌తోనైనా ఎక్కడైనా పనికొస్తుంది.

ఇంజిన్‌గది: అయితే మీ గొడవ ఇంధనంతో కాదు, చార్టర్‌తో. పదేళ్ల చార్టర్, గాలిమరల దగ్గర నీటిపై తేలే ఛార్జింగ్ బోయ్ చార్టరర్ ఖర్చు అని రాసిస్తే పెద్ద బ్యాటరీకి ఒప్పుకుంటారా?

చుక్కాని: పదేళ్లు రాసిస్తే ఒప్పుకుంటాను. ఇంధన ఆదాలో వాటా కూడా రాయాలి.

అలజడి: వాటా అంటే దేనితో పోల్చి? అల ఎత్తు, గాలి వేగం వారీగా డీపీ లోడ్‌ని మొదటి సీజన్‌లోనే లాగ్ చేసి, ఆ పట్టికని చార్టర్‌కి జత చేయండి. లేకపోతే ప్రతి నెలా తగువే.