లాక్స్టన్ ఉమ్మడి పొలాలు: సాగా, ప్రదర్శనా?

ప్రశ్న:
18, 19 శతాబ్దాలలో పార్లమెంటు చేసిన చట్టాల వల్ల ఇంగ్లండులో అప్పటికి మిగిలి ఉన్న ఉమ్మడి పొలాలు దాదాపు అన్నీ కంచెల మధ్య సొంత కమతాలుగా మారిపోయాయి. నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్టన్ అనే చిన్న గ్రామంలో మాత్రం మధ్యయుగాల నాటి పద్ధతి నేటికీ నడుస్తోందని చదివాను. అది నిజమైన వ్యవసాయమేనా, లేక సందర్శకుల కోసం నిలిపి ఉంచినదా?

మొదటి సమాధానం:
నిజమైన వ్యవసాయమేనండీ. అక్కడ వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలున్నాయి. ఏటా ఒకదానిలో శీతకాలపు గోధుమ, మరొకదానిలో వసంతంలో విత్తే పైరు వేసి, మూడవదానిని బీడుగానో పశుగ్రాసానికో వదులుతారు. మరుసటి ఏడాది వంతులు మారతాయి. రైతుల భూమి ఒకేచోట కాక మూడింటిలోనూ చెక్కలుగా చెదిరి ఉంటుంది కాబట్టి, ఏ పొలం వంతు ఏదైనా భారం అందరి మీదా పడుతుంది. 1635లో మార్క్ పియర్స్ చేసిన సర్వేలో ఏ చెక్క ఎవరి చేతిలో ఉందో పటంతో సహా నమోదై ఉంది.

రెండవ సమాధానం:
నాకు పొలాలకన్నా వాటిని అదుపులో ఉంచే కోర్ట్ లీట్ అనే పాతకాలపు గ్రామ న్యాయస్థానం ఆసక్తికరంగా తోస్తుంది. నవంబరు చివర, గోధుమ విత్తిన పొలాన్ని రైతుల జ్యూరీ స్వయంగా చుట్టి వస్తుంది. ఎవరైనా హద్దు దాటి బాటలోకో, దున్నకుండా వదలవలసిన గడ్డి పట్టీలోకో నాగలి పోనిచ్చారా, కాలువ పూడిక తీశారా అని చూసి, అవసరమైనచోట హద్దు గూటాలు పాతుతుంది. ఆ తరువాత డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో కోర్టు కూర్చుని తప్పు చేసినవారికి జరిమానా వేస్తుంది. జరిమానా సొమ్ము స్వల్పమే. ఇరుగుపొరుగు ముందు పేరు చదివించుకోవడమే అసలు శిక్ష అని నా అభిప్రాయం. 1977లో ఒక చట్టం ఇలాంటి పాత కోర్టుల న్యాయాధికారాన్ని తొలగించినప్పుడు కూడా లాక్స్టన్‌కు మినహాయింపు దక్కింది.

మూడవ సమాధానం:
పై ఇద్దరూ చెప్పినది సరైనదే కాని, అక్కడ ఏదీ మారలేదనుకోవడం పొరపాటు. 20వ శతాబ్ది ఆరంభంలో సన్నని చెక్కలను కలిపి వెడల్పు చేశారు. అలా చేయకపోతే తరువాత వచ్చిన ట్రాక్టర్లకు అక్కడ పని కష్టమయ్యేది. యాజమాన్యమూ మారుతూ వచ్చింది: 1952లో ఎర్ల్ మాన్వర్స్ అనే భూస్వామి నుంచి వ్యవసాయ మంత్రిత్వ శాఖకు, 1981లో బ్రిటిష్ రాజరికపు భూములను నిర్వహించే క్రౌన్ ఎస్టేట్‌కు, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్‌కు చేరింది. ప్రతి చేతి మార్పులోనూ రైతులు కౌలుదారులుగానే ఉన్నారు, మూడు పొలాల వంతు తప్పలేదు.