ర్యాంపు మీద స్ట్రెచర్ ట్రాలీని దించేటప్పుడు రోగి తల ఏ వైపు ఉండాలి?

ప్రశ్న (నర్సింగ్ సూపర్‌వైజర్):
నమస్కారం. మా ఆసుపత్రిలో క్యాజువాలిటీ కింద, ఆపరేషన్ థియేటరు పై అంతస్తులో ఉన్నాయి. లిఫ్టు పనిచేయని రోజుల్లో రోగులను ర్యాంపు మీదుగానే తీసుకువెళ్లవలసి వస్తోంది. దిగేటప్పుడు తల ముందుండాలా, కాళ్లు ముందుండాలా అన్నది కొత్తగా చేరిన పేషెంట్ కేర్ సిబ్బందికి ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతున్నారు. పైగా ఒక ట్రాలీ ఎంత నేరుగా తోసినా గోడ వైపే లాగుతోంది. వీరికి శిక్షణ ఇచ్చే బాధ్యత నాది కనుక, అనుభవజ్ఞులు కారణాలతో సహా వివరించగలరు.

సమాధానం (సీనియర్ స్టాఫ్ నర్సు):
మేడమ్, దిగేటప్పుడు కాళ్లు ముందు, ఎక్కేటప్పుడు తల ముందు ఉండాలి. ఎటు వెళ్లినా తల వైపే ఎత్తులో ఉంటుంది కనుక రోగికి ఊపిరి ఆడటం తేలికవుతుంది, తలకిందులైనట్టు భయపడడు. దిగేటప్పుడు ఇద్దరు తప్పనిసరి: ఒకరు తల దగ్గర నిలబడి ట్రాలీని వెనక్కి పట్టి ఉంచుతూ రోగి ముఖాన్ని గమనించాలి, రెండవవారు కాళ్ల వైపు పక్కగా నడుస్తూ వేగాన్ని ఆపాలి. ట్రాలీకి సరిగ్గా ఎదురుగా మాత్రం నిలబడకూడదు. అది చేయి జారితే ఆ బరువంతా వారి మీదికే వస్తుంది. బంధువుల సాయం తీసుకోవడం మన దగ్గర మామూలే గానీ, ర్యాంపు మీద హ్యాండిల్ వారి చేతికి ఇవ్వవద్దని నా గట్టి అభిప్రాయం.

అయితే మీరు అడగని చోట ఇంకా ఎక్కువ జాగ్రత్త అవసరం. మంచం మీది నుంచి ట్రాలీ మీదికి మార్చేటప్పుడు ట్రాలీ కదిలిపోయి, ఆ రెండింటి మధ్య రోగి జారిపోయే ప్రమాదం ఉంది. రెండింటి బ్రేకులూ వేసిన తర్వాత, తుంటితో ఒకసారి గట్టిగా నెట్టి కదలడం లేదని నిర్ధారించుకోవాలి. ట్రాలీ మంచంతో సమానంగానో, ఒక వేలెడు కిందుగానో ఉంటే లాగడం సులువవుతుంది. యూరిన్ బ్యాగును ముందే ఖాళీ చేసి, మూత్రాశయం కన్నా కిందనే తగిలించాలి. రోగి పొట్ట మీద పెడితే మూత్రం వెనక్కి పోతుంది. సెలైన్ గొట్టం, డ్రెయిన్ (గాయం నుంచి ద్రవాన్ని బయటికి తీసే గొట్టం) ఎటు పోతున్నాయో ఒకరు చేత్తో తడిమి చూశాకే, తల దగ్గరివారు అంకె లెక్కపెట్టగా అందరూ ఒకేసారి డ్రాషీటుతో (రోగి నడుము కింద అడ్డంగా పరిచే దుప్పటితో) జరపాలి. చంకల కింద చేతులు వేసి లాగకూడదు. కదిలించే ముందు ట్రాలీ రెండు పక్కలా ఉండే అడ్డ కడ్డీలు (సైడ్ రెయిల్స్) ఎత్తి, రోగి మోచేతులు లోపలే ఉన్నాయో లేదో తలుపు దాటే ప్రతిచోటా చూడాలి.

సమాధానం (బయోమెడికల్ టెక్నీషియన్):
పక్కకు లాగే ట్రాలీని ఖాళీగా ఉన్నప్పుడు తిరగేసి చక్రాలు చూడండి. ఇరుసు చుట్టూ వెంట్రుకలు, గాజ్ గుడ్డ (కట్టు గుడ్డ) పీలికలు, ప్లాస్టరు ముక్కలు బిగుసుకుపోయి ఉంటాయి; ఒక చక్రం అలా పట్టేస్తే ట్రాలీ అటే తిరుగుతుంది. కత్తెరతో కోసి తీస్తే చాలావరకు సరిపోతుంది. చక్రం ఊగుతుంటే మాత్రం మార్చవలసిందే, అంతవరకూ దాన్ని వాడుకలో ఉంచవద్దు. సెంట్రల్ లాక్ (ఒకే పెడల్‌తో అన్ని చక్రాలనూ ఆపే ఏర్పాటు) ఉన్న ట్రాలీలలో పెడల్‌కు సాధారణంగా మూడు స్థానాలుంటాయి: ఒకటి బ్రేకు, మధ్యది అన్ని చక్రాలూ స్వేచ్ఛగా తిరిగేది, మూడవది నేరుగా నడిపేది. పొడవాటి వరండాలో ఈ మూడవదే వాడాలి. చాలామంది మధ్య స్థానంలోనే తోస్తూ భుజాలు నొప్పి చేసుకుంటున్నారు. ఆక్సిజన్ సిలిండరును రోగి కాళ్ల మధ్య పడుకోబెట్టడం ఆపించండి. దాని స్థానం ట్రాలీ కింది హోల్డరు, పట్టీతో సహా.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇదే ట్రాలీని ఎమ్మారై గదిలోకి తీసుకువెళ్లవచ్చా?

సమాధానం (రేడియాలజీ టెక్నీషియన్):
కూడదండి. స్కాన్ జరగకపోయినా ఎమ్మారై యంత్రంలోని బలమైన అయస్కాంతం ఇనుప వస్తువులను లాగేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఎమ్మారై గదిలోకి వెళ్లిన రోగి బంధువు ప్రాణాలు కోల్పోయారు. మీ ట్రాలీ, సిలిండరు, సెలైన్ స్టాండు గది బయటే ఆగాలి. ఎమ్మారై కోసమే తయారైన, అయస్కాంతానికి అంటుకోని ట్రాలీ మీదికి రోగిని అక్కడే మార్చాలి. లోపలికి వచ్చే సిబ్బంది జేబుల్లో కత్తెర, తాళంచెవులు ఉన్నాయేమో కూడా తలుపు దగ్గరే అడగండి.