మంచు కరిగాక కొండ మీది రిజర్వాయర్‌లో చేపల వేట, టెంట్లు: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కొత్తగాలం:
అందరికీ నమస్తే. నలుగురం కలిసి ఈ వసంతంలో కొండల్లో ఉన్న ఒక రిజర్వాయర్‌కి వెళ్దామనుకుంటున్నాం. మూడు రాత్రులు టెంట్లలో, పగలంతా గాలాలతో. ఎత్తు సుమారు 2,000 మీటర్లు, చలికాలంలో నీళ్లు పైన గడ్డకడతాయి. ట్రౌట్ ఉంది. కింద చెరువుల్లో బెండు వేసి కూర్చున్న అలవాటు ఉంది కానీ, ఇంత చల్లటి నీళ్లలో మాలో ఎవరూ పట్టలేదు. ఒకతను గాలి నింపే పడవ పట్టుకొస్తానంటున్నాడు. ఆఫీసులో సెలవు ముందే చెప్పాలి కాబట్టి మొదట తేదీ తేల్చుకోవాలి. ఏ వారం మంచిది? టెంట్ ఎక్కడ వెయ్యాలి?

పాతరీల్:
తేదీ మీ చేతిలో లేదు తమ్ముడూ, మంచు చేతిలో ఉంది. ఏటికేడాది గడ్డ విడిపోవడంలో రెండు మూడు వారాల తేడా రావడం మామూలే. వరసగా రెండు వారాంతాలు అట్టిపెట్టుకోండి, ఏదన్నది చివర్లో ఖాయం చేసుకోండి.

ఎందుకంటే, నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. చలికాలమంతా గడ్డకి ఆనుకుని సున్నాకి దగ్గర, అడుగున 4 డిగ్రీలు. గడ్డ పోయి పై నీళ్లు కూడా 4కి రాగానే పైనా కిందా బరువు ఒకటే అయిపోతుంది. అప్పుడు గాలి గట్టిగా కొట్టిందంటే నీళ్లన్నీ కలగలిసిపోతాయి, ఆక్సిజన్ అడుగుదాకా దిగుతుంది. ఆ రోజుల్లో ట్రౌట్ లోతులోనే పడి ఉండక్కర్లేదు, తిండి కోసం ఒడ్డు వారకి వచ్చేస్తుంది. పడవ లేకుండా గట్టు మీద నుంచి పెద్ద చేప తగిలే అదను ఇదే. ఎండలు ముదిరి అవి లోతుకి దిగిపోయాక ఎంత దూరం విసిరినా అందవు.

గడ్డ పూర్తిగా పోయాక మొదటి రెండు మూడు వారాలు చూసుకోండి. సగం గడ్డ ఉండగా వెళ్లి దాని మీద నడుద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. వసంతపు గడ్డ మందంగానే కనిపిస్తుంది, లోపల నిలువుగా పుల్లలు పుల్లలుగా విడిపోయి ఉంటుంది.

మట్టిగట్టు:
పాతరీల్ అన్న చెప్పింది సరస్సుకైతే సరిపోతది. వీళ్లు పోయేది రిజర్వాయర్. ఈడ నీళ్లు గేట్లు చెప్పినట్టు వింటయి.

మంచు కరిగిన నీళ్లకు జాగా కావాలని చాలా డ్యాముల్లో చలికాలమంతా నీళ్లు దించుతరు. మీరు పోయేసరికి నీళ్లు ఎక్కడో కిందుంటయి, గట్టు పొడుగూతా చదునైన ఒండ్రు బయటపడి ఉంటది. చూస్తే టెంట్ కోసమే చదును చేసి పెట్టినట్టుంటది. అక్కడ వెయ్యకుండ్రి. పైన మంచు కరిగేకొద్దీ నీళ్లు ఎక్కుతనే ఉంటయి, రాత్రి కూడా. చదును నేల మీద నీళ్లు జానెడు పెరిగినయంటే గట్టు వెంబడి ఎన్నో అడుగులు లోపలికొస్తయి. పొద్దుగూకేటప్పుడు నీళ్ల అంచున పుల్ల గుచ్చి పెట్టుండ్రి, తెల్లారి ఆ పుల్ల ఎక్కడుందో చూస్తే నీళ్ల నడక తెలుస్తది.

టెంట్ జాగా ఎట్ల గుర్తుపట్టాలంటే, గట్టు మీద పైకి చూసుకుంట నడువుండ్రి. ఒకచోట బెరడు ముక్కలు, ఎండి తెల్లబడిన కొమ్మలు, గడ్డిపోచలు, నడుమ నడుమ తెగిన బెండు ఒకటి, అన్నీ ఒకే గీత మీద పేరుకొని ఉంటయి. దాని కింద రాళ్లు పాలిపోయి గడ్డి మొలకలేకుండ ఉంటయి, పైన పొదలు మొదలైతయి. నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఆగిన గీత అది. టెంట్ దానికి పైనే. వాగు వచ్చి కలిసేకాడ ఒండ్రు మీద నడిచేటప్పుడు కర్రతోని పొడిచి చూసి అడుగెయ్యిండ్రి, పైన ఆరినట్టే ఉంటది గానీ మోకాలిదాకా దిగబడుతది.

డ్యాము కింద వాగులో చేపలు బాగుంటయని ఎవరన్నా చెప్పొచ్చు. సైరన్ ఉందా, ఏ టైముకు నీళ్లు వదులుతరు అన్నది కనుక్కోకుండా దిగొద్దు.

కొత్తగాలం:
ఆ గీత సంగతి ఎప్పుడూ వినలేదు, థాంక్స్ అన్నా. మేం చూసిన ఫోటోల్లో అందరి టెంట్లూ నీళ్ల పక్కనే ఉన్నాయి, అలాగే వేద్దామనుకున్నాం. ఇంతకీ రాత్రి చలి ఎంత ఉండొచ్చు?

నీలిటెంట్:
ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మీకు కింద 25 ఉంటే అక్కడికి 1,500 మీటర్ల పైన 15. అది పగటి మాట. ఆకాశం తేటగా ఉన్న రాత్రి సున్నాకి దిగుతుందనే అనుకుని సర్దుకోండి.

మట్టిగట్టు గారి గీతకి నా వైపు నుంచి ఇంకో కారణం. రాత్రి చల్లగాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి, నీళ్ల పక్కన పల్లంలో నిలుస్తుంది. అక్కడే మంచు పడుతుంది. కొంచెం పైకి, చెట్ల వారగా వేసుకుంటే తేడా ఒంటికే తెలుస్తుంది. తెల్లారి టెంట్ లోపలి గుడ్డ మీద చెమ్మ కూడా తక్కువ.

స్లీపింగ్ బ్యాగ్ మీద కంఫర్ట్, లిమిట్ అని రెండు అంకెలు వేస్తారు. కొనేటప్పుడు కంఫర్ట్ అంకె చూడండి. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే ఎలాగో రాత్రి గడుస్తుందన్న అంకె. అంతకంటే ముఖ్యం కింద పరుచుకునే మ్యాట్. ఒంటి బరువుకి బ్యాగ్ అడుగు భాగం అణిగిపోతుంది, ఇక నేల చల్లదనాన్ని ఆపేది మ్యాట్ ఒక్కటే. దాని ఆర్ విలువ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 4కి తగ్గకుండా ఉండాలి. ఖరీదైన బ్యాగ్ కొని పల్చటి మ్యాట్ మీద పడుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

స్టవ్ సంగతి. మామూలు బ్యూటేన్ సున్నా దగ్గరికి వచ్చేసరికి ఆవిరవడం మానేస్తుంది, మంట చచ్చిపోతుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన క్యాన్ తీసుకోండి. అది కూడా రాత్రి బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకుంటే పొద్దున చక్కగా వెలుగుతుంది. వాటర్ ఫిల్టర్ కూడా అక్కడే. సన్న గొట్టాల ఫిల్టర్ ఒకసారి తడిసి గడ్డకట్టిందంటే లోపల చిట్లిపోతుంది, పైకి ఏమీ తెలియదు, నీళ్లు వస్తూనే ఉంటాయి కానీ క్రిములు ఆగవు. అనుమానం వస్తే మరిగించుకోండి. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మూడు నిమిషాలు తెర్లనివ్వాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఎంత చలేసినా టెంట్ లోపల స్టవ్ వెలిగించడం, నిప్పులు పెట్టుకోవడం వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు.

ఎర్రలడబ్బా:
హమ్మయ్య, ఇక చేపల దగ్గరికి వద్దామా!

కొత్తగాలం బ్రదర్, చెరువు అలవాటుతో తెల్లారకముందే లేచి వణుక్కుంటూ గట్టు మీద కూర్చోవద్దు. ఈ కాలంలో హాయిగా ఎండెక్కాక పది గంటలకి మొదలుపెట్టండి. మధ్యాహ్నం మూడు నాలుగింటిదాకా బాగుంటుంది. నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కినా చేపకి తెలుస్తుంది. ట్రౌట్ బాగా తినేది 10 నుంచి 16 డిగ్రీల మధ్య, మీరు వెళ్లేసరికి నీళ్లు 5, 6 దగ్గర ఉంటాయి. కాబట్టి ఎక్కడ కాస్త వెచ్చగా ఉందో అక్కడ వెతకాలి. ఉత్తరపు గట్టు ముందు చూడండి, దక్షిణం ఎండ తిన్నగా తగిలేది దానికే (భూమధ్యరేఖకి కింది దేశాలవాళ్లు తిరగేసుకోండి). లోతు తక్కువ ఉండి అడుగు నల్లగా కనిపించే మూలలు ఇంకా మంచివి. దారానికి కట్టిన చిన్న థర్మామీటర్ జేబులో వేసుకోండి, ఏ లూర్ (నకిలీ ఎర) కంటే కూడా అదే ఎక్కువ పని చేస్తుంది.

గాలి ఒకే వైపు చాలాసేపు కొడితే, గాలి వచ్చి తగిలే గట్టుకే పోండి. మొహాన కొడుతుంది, విసరడం కష్టం, నిజమే. కానీ పైనున్న వెచ్చటి నీళ్లు, తేలే పురుగులు అన్నీ అక్కడికే కొట్టుకొస్తాయి. అందరూ గాలి చాటున హాయిగా కూర్చుని ఖాళీ చేతులతో లేస్తారు.

చల్లటి నీళ్లలో చేప ఒళ్లు బద్ధకంగా ఉంటుంది. రీల్ ఎంత నెమ్మదిగా తిప్పుతున్నారనుకుంటే దాంట్లో సగం వేగంతో తిప్పండి. చిన్న స్పూను (చెంచా ఆకారపు రేకు లూర్), నడుమ నడుమ ఆపుతూ. ఎక్కువసార్లు ఆపినప్పుడే పట్టుకుంటుంది. బెండు కిందైతే ఎర్ర (వానపాము). లైన్ 2, 3 కిలోలు ఆపేది చాలు, నీళ్లు అద్దంలా ఉంటాయి కాబట్టి లావు లైన్ కనపడిపోతుంది.

పాతరీల్:
పది గంటలకి మొదలుపెట్టమనే మాట మొదటి వారానికైతే ఒప్పుకుంటా. నీళ్లు 10 దాటాక మళ్లీ తెల్లవారుజామూ, మసక చీకటీ మంచివే. థర్మామీటర్ ఉందిగా, దాన్నే అడగండి.

ఎర్ర మీద కూడా ఒక అభ్యంతరం ఉంది. ట్రౌట్ ఎర్రని గొంతులోకి మింగేస్తుంది. వదిలేద్దామనుకునే చేపకి ఎర్ర వెయ్యకూడదు. మీరు వెళ్లేచోట ఇంత సైజు లోపువి వదిలెయ్యాలన్న రూలు ఉందేమో చూసుకోండి, ఉంటే ముల్లు నొక్కేసిన గాలం, లూర్ వాడండి. గాలం లోతుగా దిగిపోతే పీకకుండా లైన్ దగ్గరగా కత్తిరించి వదలడం మేలు. చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది.

ఎర్రలడబ్బా:
పేరు మార్చుకోమంటారా అన్నా 😄 తినడానికి పట్టుకునేవాటికే ఎర్ర, సరేనా.

ఇంకొకటి మర్చిపోయా. వాగు కలిసే చోటు అందరూ చెబుతారు. అక్కడ చేప ఉంటుంది, నిజమే. అయితే రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు పెట్టేది ఈ వసంతంలోనే, అందుకే వాగుల్లోకి ఎక్కుతుంది. చాలాచోట్ల ఈ కాలంలో వాగునీ, దాని మూతి దగ్గర కొంత దూరాన్నీ మూసేస్తారు. బోర్డు చదివి దిగండి. బోర్డు లేకపోయినా, వాగులో గులకరాళ్లు తేటగా తుడిచినట్టు ఒకచోట కనిపిస్తే అది గుడ్ల గూడు, దాన్ని తొక్కొద్దు. బురద నీళ్లు వచ్చి తేట నీళ్లలో కలిసే గీత ఉంటుంది చూడండి, మూసిన హద్దుకి బయట ఆ గీత వెంబడి విసరండి.

రాత్రికాపలా:
ఇంతమంది రాశారు, పడవ గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడతా, కొంచెం కటువుగా.

5 డిగ్రీల నీళ్లలో పడితే మొదట జరిగేది మునగడం కూడా కాదు. ఊపిరి మన మాట వినదు, ఎగబీలుస్తాం, తల నీళ్లలో ఉండగా పీల్చామంటే అంతే. ఒక నిమిషం తట్టుకుంటే ఊపిరి అదుపులోకి వస్తుంది. తర్వాత చేతులు కాళ్లు పనికొచ్చేది సుమారు పది నిమిషాలు, ఆపైన వేళ్లు తాడు కూడా పట్టుకోలేవు. ఒళ్లు చల్లబడి స్పృహ పోవడానికి గంటదాకా పడుతుంది. ఆ గంట దక్కేది లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉన్నవాడికే. పడవలో సీటు కింద పెట్టుకున్న జాకెట్ పడ్డాక తొడుక్కోలేరు. ఈత బాగా వచ్చు అనేవాడికి ముందు చెప్పండి ఈ మాట.

కొండల్లో పొద్దున నీళ్లు కదలకుండా ఉంటాయి. మధ్యాహ్నానికి లోయ వెంట గాలి పైకి లేస్తుంది. గాలి పడవ బరువు లేనిది, తెడ్డు ఎంత వేసినా గాలి తోసిన వైపే పోతుంది. వెళ్లాలనుకుంటే పొద్దున, గట్టు వారగా, లేచి ఒడ్డెక్కగలిగే దూరంలో. డ్యాము గోడ దగ్గరికి, నీళ్లు లాగే తూముల వైపు అసలు వద్దు. నన్నడిగితే పడవ ఇంట్లో పెట్టి రండి. పాతరీల్ గారే చెప్పారుగా, చేప ఒడ్డుకే వస్తుందని.

కొత్తగాలం:
పడవ అతనికి ఇది చదివి వినిపించా. ముఖం మాడ్చుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు. పట్టిన చేపలు రాత్రి ఎక్కడ పెట్టాలి? ఎలుగుబంట్లు తిరిగే అడవి అంటున్నారు.

రాత్రికాపలా:
టెంట్‌లో మాత్రం కాదు. వంట, తిండి, చేప శుభ్రం చేసే చోటు, ఇవన్నీ టెంట్‌కి కనీసం 60 మీటర్ల దూరంలో. జంతువులు తెరవలేని గట్టి డబ్బాలు అక్కడ తప్పనిసరేమో కనుక్కోండి. పేస్టు, సబ్బు, ఎర్రల డబ్బా కూడా తిండి కిందే లెక్క. చేపలు కోసిన బట్టలతో పడుకోవద్దు. పేగులు నీళ్లలో వెయ్యాలా, మోసుకుపోవాలా అన్నది ఒక్కోచోట ఒక్కో రూలు, ముందే అడగండి. మీకు కావాల్సినన్ని ఆ పూటకే పట్టి ఆ పూటే వండుకుంటే ఈ గొడవంతా సగం తప్పుతుంది.

మట్టిగట్టు:
తొవ్వ గురించి కూడా చెప్పాలె. రిజర్వాయర్ కాడ గడ్డ పోయినా, నీడ పట్టున రోడ్డు మీద మంచు ఇంకా ఉంటది. అడవి రోడ్లు ఆరేదాకా గేట్లు తీయరు. పోయే ముందు రోజు ఫోన్ చేసి అడుగుండ్రి. నడుమ వాగు దాటేది ఉంటే పొద్దుగాల్నే దాటుండ్రి. పగటి ఎండకు పైన కరిగిన నీళ్లు కిందికొచ్చేసరికి సాయంత్రం అయితది, పొద్దున మడిమల్లోతు ఉన్న వాగు అప్పటికి మోకాళ్లు దాటుతది. తిరుగు ప్రయాణం సాయంత్రం పెట్టుకోకుండ్రి.

కొత్తగాలం:
ఇప్పటికి మేం అనుకున్నది ఇది. రెండు వారాంతాలు సెలవు అడిగిపెట్టాం. గడ్డ సంగతి, నీటిమట్టం, రోడ్డు గేటు మూడూ చూసుకుని ఒకటి ఖాయం చేస్తాం. టెంట్ ఆ గీత పైన, చెట్ల వారగా. పడవ లేదు. ఉత్తరపు గట్టున ఎండెక్కాక మొదలు, చివరి రోజు పొద్దున్నే వాగు దాటేస్తాం. లైసెన్సు నలుగురికీ కలిపి ఒకటి చాలా?

పాతరీల్:
సాధారణంగా గాలం పట్టుకున్న ప్రతివాడికీ విడిగా కావాలి. రోజుకి ఎన్ని చేపలు అన్న లెక్క కూడా మనిషికే, ఒకడి వాటా ఇంకొకడు పట్టడం చాలాచోట్ల కుదరదు. ఇంకో చెరువులో వాడిన బూట్లు, వలలు తెస్తుంటే బురద కడిగి, నీళ్లు ఒంపేసి, పూర్తిగా ఆరాకే తీసుకెళ్లండి, లేదంటే అక్కడి నాచూ నత్తలూ ఇక్కడికి మోసుకొచ్చినట్టే. పొద్దున రాడ్ రింగుల్లో మంచు పట్టి లైన్ ఆగిపోతుంటే బలంగా లాగకండి, రాడ్ కొస నీళ్లలో ముంచి తీస్తే వదులుతుంది.